మానికెడు తవుడు

పంకజాక్షికి అన్నిటికంటే ఎక్కువ భయం ఒకటే. తన కడుపున పుట్టిన వరదమ్మ ఏదో ఒకనాడు తనను "చిన్నమ్మా" అని పిలుస్తుందేమోనని. పాముకు భయపడదు, చీకటికి భయపడదు, మొగుడి కోపానికి అసలే భయపడదు. ఆ ఒక్క పిలుపుకే భయం. నిద్రలో ఆ మాట వినబడినట్టై ఉలిక్కిపడి లేచి, పక్కలో బిడ్డ ఉందో లేదో తడిమి చూసుకునేది.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఆ బిడ్డను ఆమె అమ్మేసింది.

అమ్మడమంటే సంతలో గొడ్డును అమ్మినట్టు కాదు. వాళ్ళ వైపు పాతకాలం నుంచీ వస్తున్న ఆచారం. తొలిచూలు పిల్లవాడు ఇరవై రోజులకే పోయాడు. రెండో కాన్పులో పుట్టిన వరదమ్మ పదకొండోనాడు పాలు తాగడం మానేసింది, ఒళ్ళు నీలంగా తిరిగింది. అప్పుడు అత్త చంద్రకాంతమ్మ, "ఈ ఇంటి బిడ్డల్ని ఏదో కనిపెట్టుకోని ఉండాది. ఇది మన బిడ్డ కాదనిపించాల" అని, చేటలో పాత గుడ్డ పరిచి, పసికందును అందులో పడుకోబెట్టి గడప అవతలికి తీసుకుపోయింది. గడప అవతల పెద్దకోడలు నాగరత్నమ్మ నిలబడి ఉంది. ఆమె మానికెడు తవుడు ఇచ్చి చేటను అందుకుంది. ఈ బిడ్డ ఇక నాది, పాలిచ్చి పెంచమని నీకు ఇస్తున్నాను అని చెప్పి, బిడ్డను తిరిగి పంకజాక్షి ఒళ్ళో పెట్టింది. మృత్యువు కళ్ళకు గంతలు కట్టడమన్నమాట. మూడోనాటికి బిడ్డ పాలు తాగింది.

ఆ ఆచారానికి ఇంకో సగం ఉంది. బిడ్డ గట్టిపడ్డాక, పుట్టువెంట్రుకలు తీయకముందే, కన్నతల్లి అంతే తవుడు కొలిచి కొన్నామె కొంగులో పోసి బిడ్డను తిరిగి కొనుక్కోవాలి. కొన్నామె కొంగు పట్టి, "నీ బిడ్డను నువ్వు తీసుకో" అని నోటితో అనాలి. అనకపోతే బిడ్డ ఆమెదే. గుండు రోజున బిడ్డ ఎవరి తోడబుట్టినవాడి ఒళ్ళో కూర్చుంటే ఆమే తల్లి. ఆ తర్వాత మార్చడానికి లేదు.

నాగరత్నమ్మకు పెళ్ళయి పన్నెండేళ్ళు. కడుపు పండలేదు. పంకజాక్షి మొదటిసారి తవుడు తీసుకుపోతే, ఈరోజు మంగళవారం అంది. రెండోసారి తాను బయట ఉన్నానంది. మూడోసారి మూట విప్పి, వేళ్ళతో నలిపి, వాసన చూసి, ఇది ఉప్పుడు బియ్యం తవుడు, నేనిచ్చింది పచ్చి బియ్యం తవుడు అని తిప్పి పంపింది. నవ్వుతూనే పంపింది. వరదమ్మను ఎత్తుకున్నప్పుడల్లా అదే నవ్వుతో, అమ్మ ఎవరంటే తనను చూపించాలని, చిన్నమ్మ ఎవరంటే పంకజాక్షిని చూపించాలని నేర్పేది. చేట పట్టిన అత్త నిరుడు కాలం చేసింది. ఇక నిలబెట్టి అడిగే పెద్దదిక్కు లేదు.

ఇప్పుడు వరదమ్మకు మూడో ఏడు. తెల్లవారితే కొండ మీద గుండు.

ఆ రోజు పంకజాక్షి పొద్దున్నే తిరుపతిలో రైలుగేటు అవతల ఉన్న బియ్యం మిల్లుకు నడిచిపోయి, ఎదురుగా నిలబడి పచ్చి బియ్యం ఆడించిన తవుడే పట్టించుకుంది. ఇంటికొచ్చి జల్లించింది, మానికతో తలకొట్టి కొలిచింది, పసుపు గుడ్డలో మూట కట్టి దేవుడి గూట్లో పెట్టింది. బావ దొరస్వామి, నాగరత్నమ్మ చిత్తూరు నుంచి సాయంత్రానికి వస్తారు. గడప దాటగానే తాంబూలంతో పాటు ఇచ్చేయాలి. మొగుడు ధనంజయతో ఈ సంగతి చెబితే, అట్లే కానీలే అన్నాడు, లారీ ఆఫీసు నుంచి వచ్చి గడ్డం గీసుకుంటూ. అద్దంలోంచి ఆమె వైపు మాత్రం చూడలేదు.

వాళ్ళు గడప దాటలేదు. కారు వాకిట్లో ఆగి హారను కొట్టింది. దొరస్వామికి చిత్తూరులో బెల్లం మండీ ఉంది. మనిషి కూడా మండీలో బస్తాలాగే ఉంటాడు, కదిలిస్తే తప్ప కదలడు. కారులో కూర్చునే తమ్ముడిని పిలిచి, ఊర్లో కొత్తగా చైనా హోటలు పెట్టారట, అక్కడ తినేసి మొదటాట చూద్దాం, ఎక్కండి అన్నాడు. నాగరత్నమ్మ కారు దిగకుండానే రెండు చేతులూ చాచింది. వరదమ్మ చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తి ఆ చేతుల్లో పడింది.

పంకజాక్షి మూటను వైరుబుట్టలో బిడ్డ గౌన్ల కింద దాచుకుని వెనక సీట్లో ఒదిగి కూర్చుంది.

హోటలు ఒక లాడ్జి మీది మిద్దెలో ఉంది. పేరు కాంటన్ హోటలు. మెట్ల గోడ మీద చైనావాళ్ళ నిప్పులు కక్కే పామును వేయించారు. వేసినవాడు ఊరి బోర్డుల పెయింటరు కావడంతో దానికి ఏడు పడగలొచ్చాయి. ఎక్కుతూ నాగరత్నమ్మ దానికి దండం పెట్టింది కూడా. పైన ఎర్ర కాగితం లాంతర్లు, అద్దాలు, మేజాల మీద సీసాలో పులుపు నీళ్ళలో నానేసిన పచ్చిమిరపకాయలు. యజమాని పరంధామయ్య మొన్నటిదాకా ఇడ్లీ హోటలు నడిపినవాడు. వంటవాడి తాతలు కాంటను నుంచి కలకత్తాకు వచ్చారని, ఇతన్ని తాను మద్రాసు నుంచి తెచ్చుకున్నానని, అడగకుండానే చెప్పాడు.

నాగరత్నమ్మ కుర్చీ అంచున కూర్చుని, నీళ్ళ గ్లాసు కూడా ముట్టకుండా, ఇక్కడ నీసు వండుతారా అని అడిగింది. బిడ్డ గుండు కోసం ఆమె నలభై రోజులుగా నీసు మానింది. గుడ్డు లేదు, ఎండుచేప వాసన లేదు, పొద్దున పూట తలకు పోసుకోకుండా పచ్చి మంచినీళ్ళు తాగలేదు. అందరికీ ఎరుకే, ఆమే చెప్పుకుంటుంది కాబట్టి. పరంధామయ్య చెంపలు వేసుకున్నాడు. రెండు రకాలూ ఉన్నాయని, మీకు పెట్టేదాంట్లో ముక్క అనేదే పడదని, అంతా కోసుగడ్డ, అదే క్యాబేజీ, కేరెట్టు, మొక్కజొన్న అని చెప్పాడు. ఆమె మూడుసార్లు అడిగింది. అతను మూడుసార్లూ అదే చెప్పాడు. దొరస్వామి విసుక్కుని, మద్రాసులో తాను ఎన్నిసార్లు తినలేదని అన్నాడు.

పరంధామయ్య వంటకాల పేర్లు అచ్చేసిన అట్ట ఒకటి తెచ్చి ఇచ్చాడు. నాగరత్నమ్మ దాన్ని అందుకుని, అటూ ఇటూ తిప్పి, మేజా మీద పంకజాక్షి ముందుకు జరిపింది.

"చదువు పంకజా, ఏమేమి ఉండాయో. మేము వింటాము."

అంతా ఇంగ్లీషు. పంకజాక్షిని ఏడో తరగతిలో ఉండగా పెద్దమనిషి అయిందని బడి మానిపించారు. నాగరత్నమ్మ పదో తరగతి పాసు. పంకజాక్షి అట్ట వైపు చూసి, తలెత్తకుండా, నాకు రాదక్కా అంది.

"రాదని తెలుసులే. బిడ్డకు రేపు బళ్ళో ఎవురు సెప్పిస్తారని అడుగుతా ఉండాను."

ధనంజయ చప్పున అట్ట లాక్కుని, గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. అతనికీ సగం రాలేదు. దొరస్వామి నవ్వాడు. చివరికి సూపు, అన్నం, నూడిల్సు, అన్నీ కూరగాయలవే చెప్పారు.

బిడ్డ చేతికి మిరపకాయల పులుపు అంటింది. పంకజాక్షి ఎత్తుకుని చేతులు కడగడానికి పోయింది. నీళ్ళ తొట్టి వంటగది పక్కనే ఉంది. మధ్యలో ఒక తెర, అది సగం తీసి ఉంది. లోపల బనియను వేసుకున్న ముసలి వంటవాడు పొయ్యి మీది పెద్ద గుండిగ మూత తీశాడు. గరిటెతో అడుగు నుంచి కలిపాడు. పసుప్పచ్చటి కోడికాళ్ళు, గోళ్ళు తీసినవి, చిన్న చిన్న చేతుల్లాగా పైకి తేలి మళ్ళీ మునిగాయి. అతను అందులోంచి నీళ్ళు ముంచి, గుడ్డలో వడగట్టి, చిన్న గిన్నెలో పోసి, కోసుగడ్డ తరుగు, మొక్కజొన్న గింజలు వేశాడు. వరదమ్మను చూసి కళ్ళు చిట్లించి నవ్వాడు. అందులో కపటమేమీ లేదు. కాళ్ళు గుండిగలోనే ఉండిపోయాయి కదా. ముక్క పడకూడదన్నారు, పడలేదు.

పంకజాక్షి బిడ్డ చేతులు గబగబా కడిగింది. పరుగులాంటి నడకతో మేజా దగ్గరికి వచ్చింది. చెప్పాలనే వచ్చింది. అది మాత్రం నిజం. "అక్కా" అని నోరు తెరిచింది కూడా.

నాగరత్నమ్మ చెయ్యి ఎత్తి ఆపింది. కూర్చో, మాట్లాడుకుంటున్నాము కదా అంది. దొరస్వామి ఏం చెబుతున్నాడంటే, రేపు బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకునేది జయరావు అని. జయరావు నాగరత్నమ్మ తమ్ముడు. తెల్లారి నేరుగా కొండ మీదికి వచ్చేస్తాడట.

పంకజాక్షికి ఒక్కడే అన్న, చిన్నబ్బ, పుంగనూరులో టైలరు. మేనమామగా అతను రావాలని ఉత్తరం రాశానని ధనంజయ పది రోజుల కిందట చెప్పాడు. ఆమె మొగుడి వైపు చూసింది. అతను మేజా మీద ఉప్పు గింజల్ని వేలితో ఒక వరసలో పేర్చుతున్నాడు. ఉత్తరం పోయిందా అని ఆమె అడిగింది. వేయలేదని అతను తలెత్తకుండా ఆ ఉప్పుకే చెప్పాడు.

"గుండు అయినాక అట్నే చిత్తూరుకు తోడుకోని పోతాము" అన్నాడు దొరస్వామి. "నీకేమి ధనంజయా, మళ్ళీ పుడతారు. ఆడబిడ్డనే కదా అడిగేది, మొగబిడ్డను అడగలేదే. ఈ బిడ్డన్నా ఇంటికొస్తే సరి. లేకుంటే పలమనేరోళ్ళు పిల్లనిస్తామని తిరగతానే ఉండారు నా సుట్టూ."

అని గట్టిగా నవ్వాడు. ధనంజయ కూడా కొంచెం నవ్వాడు. నాగరత్నమ్మ నవ్వలేదు. బిడ్డ జడకుచ్చు సరిచేసింది, సరిగ్గానే ఉన్నదాన్ని. పంకజాక్షి అది చూసింది, కానీ ఆ క్షణాన ఆమెకు ఎవరి మీదా జాలి లేదు.

సూపు వచ్చింది. పింగాణీ గిన్నెల్లో ఆవిరి లేస్తూ, పైన కొత్తిమీర. ఎక్కడా ముక్క లేదు.

పంకజాక్షి నోరు మూసుకుంది.

నాగరత్నమ్మ చెంచాతో ఒక గుక్క తాగి, బాగుందే అని ఆశ్చర్యపోయింది. నలభై రోజులుగా చప్పిడి తిన్న నోరు. ఇంకో చెంచా ఊది, వరదమ్మ నోటి దగ్గర పెట్టబోయింది. పంకజాక్షి మోచెయ్యి విసురుగా తగిలింది. చెంచా ఎగిరిపోయింది. బిడ్డ గిన్నె దొర్లి నాగరత్నమ్మ పట్టుచీర మీద, మేజా గుడ్డ మీద ఒలికింది. బిడ్డ ఏడుపు లంకించుకుంది. పక్క మేజాలవాళ్ళు తిరిగి చూశారు.

"సూడండి, సూడండి దీని కళ్ళు" అంది నాగరత్నమ్మ గొంతు తగ్గించి. "బిడ్డ నోటికాడ కూడు తన్నేసింది. దీనికి బిడ్డను ఇడిసిపెట్టి నేను యాడికి పొయ్యేది."

ధనంజయ పంకజాక్షి మణికట్టు మేజా కింద గట్టిగా నులిమాడు. ఆమె నొప్పిని మింగి, బిడ్డకు మొక్కజొన్న పడదని, అరగదని ఏదో చెప్పింది. తనకు కడుపులో బాగాలేదని తన గిన్నె పక్కకు జరిపింది. నాగరత్నమ్మ ఆ గిన్నెనూ లాక్కుంది, పారేయడం ఎందుకని. పంకజాక్షి ఎదురుగా కూర్చుని చూసింది. మొదటి గిన్నె ఖాళీ అయింది. రెండో గిన్నె ఖాళీ అయింది. అడుగున మిగిలిన గింజలను ఆమె వేలితో తీసుకుని తిన్నది. తాగనీ, అనుకుంది పంకజాక్షి. అలా అనుకున్నందుకు భయం వేయలేదు. అదే ఆమెకు తర్వాత ఆశ్చర్యంగా ఉండేది.

సినిమా హాల్లో బాల్కనీ టికెట్లు. గోడ వైపు దొరస్వామి, పక్కన నాగరత్నమ్మ, ఆమె ఒళ్ళో వరదమ్మ, తర్వాత పంకజాక్షి, చివర ధనంజయ. తెర మీద జాతరలో తప్పిపోయిన కొడుకు కోసం ఒక తల్లి ఊరూరా తిరుగుతోంది. హాలంతా ముక్కులు చీదుతున్నారు. నాగరత్నమ్మ కూడా ఏడ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, అదే కొంగును ఒళ్ళో బిడ్డ మీద కప్పుతూ, ఎంత కష్టం, ఎంత కష్టం అని గొణిగింది. పంకజాక్షికి తెర మీద ఏమీ కనబడలేదు. వైరుబుట్టలో చెయ్యి పెట్టి మూట ముడిని తడుముతూ కూర్చుంది.

ఇంటర్వెల్‌కు ముందు వరదమ్మ కదిలింది. నిద్రమత్తులో నాగరత్నమ్మ మెడ చుట్టూ చేతులు వేసి, "అమ్మా" అంది. తర్వాత తల ఇటు తిప్పి, పంకజాక్షిని చూసి, "చిన్నమ్మా, నీళ్ళు" అంది.

చాలా మామూలుగా అంది. దాహమేసిన బిడ్డ అడిగినట్టు.

పంకజాక్షి సీసా మూత తీసి నీళ్ళు పట్టించింది. సగం నీళ్ళు గౌను మీద పడ్డాయి. దీపాలు వెలిగాయి. జనం సోడాల కోసం, మురుకుల కోసం కిందికి దిగారు. వాళ్ళ వరస చుట్టుపక్కల ఖాళీ అయింది. ఆమె బుట్టలోంచి మూట తీసి, సీటు చేతి మీద పెట్టింది.

"అక్కా, కొంగు పట్టు."

నాగరత్నమ్మ మూట వైపు చూసి, మొగుడి వైపు చూసి, పెదవి విరిచింది.

"సినిమా హాలుకు తవుడు ఎత్తుకోనొచ్చినావా. ఈడ గొడ్లు యాడుండాయి?"

"ఇంట్లోకి మీరు రాలేదు. కొండ మీద నువ్వు పట్టవు. పచ్చి బియ్యంది, జల్లించినాను. ఈడనే పట్టు."

"పట్టను. ఏమి చేస్తావు? నా తవుడు తీసుకోని అమ్మినావు. సాక్షి కావాలంటే మీ అత్తను పిలుచుకోనిరా పో."

దొరస్వామికి ఆ మాట బాగా నచ్చింది. అతను నవ్వుతూ తమ్ముడికి వేరుశెనగల పొట్లం అందించాడు. ధనంజయ పొట్లం అందుకుని, ఇంటికి పోయి మాట్లాడుకుందాం, మూట లోపల పెట్టు అని భార్యను కసిరాడు.

పంకజాక్షి మూట లోపల పెట్టలేదు. మాట నిదానంగా వచ్చింది, ఎవరో తన నోటితో చెప్పిస్తున్నట్టు.

"రేపు నువ్వు కొండ ఎక్కలేవక్కా. హోటల్లో నువ్వు తాగిన నీళ్ళు కోడికాళ్ళు ఉడికిన నీళ్ళు. చేతులు కడగబోయినప్పుడు చూసినాను."

దొరస్వామి నోట్లో వేరుశెనగ నమలడం ఆపాడు. అబద్ధమని, బిడ్డను ఇవ్వడం ఇష్టంలేక కథలు అల్లుతోందని అన్నాడు. కానీ నాగరత్నమ్మ ఆ మాట వినలేదు. ఆమె పంకజాక్షి కళ్ళలోకే చూస్తోంది. చూస్తూ చూస్తూ తన చీర మీద ఆరిన మరకను వేలితో ముట్టుకుంది.

"బిడ్డ గిన్నె ఒలకబోసింది అందుకేనా?"

"అవును."

"నా గిన్నె?"

పంకజాక్షి తల వంచుకుంది.

"రెండు గిన్నెలు తాగినాను. ఎదురుగ్గా కూసోని సూస్తా ఉన్నింటివి."

ధనంజయ చెయ్యెత్తాడు. అన్న చెయ్యి చూపి ఆపి, ఇక్కడ వద్దు, ఇంట్లో చూసుకో అన్నాడు. తర్వాత ఆ పరంధామయ్య సంగతి తేలుస్తానని, వాడి లాంతర్లన్నీ వాడి మెడకే కడతానని లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. నాగరత్నమ్మ బిడ్డను సీట్లో పడుకోబెట్టి బయటికి పోయింది. మెట్ల పక్కన ఆడవాళ్ళ గది. ఆమె అక్కడ కక్కుతున్న చప్పుడు పైదాకా వినిపించింది. పంకజాక్షి లేవలేదు. బిడ్డ మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. గెలిచానని ఒకసారి అనిపించింది, రేపు ఎలాగూ గుండు ఉండదు. మరుక్షణం, వచ్చే నెల ఉంటుంది కదా అనిపించింది.

గంట మోగింది. దీపాలు ఆరాయి. బొమ్మ మొదలైన కాసేపటికి నాగరత్నమ్మ వచ్చి, బిడ్డను మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని కూర్చుంది. మొహం, ముందు జుట్టు తడిసి ఉన్నాయి. కొంతసేపు తెర వైపే చూసింది. తెర మీది వెలుతురు ఆమె చెంపల మీద నీలంగా, ఎర్రగా మారుతోంది. ఎప్పుడు కదిలిందో తెలియదు, పంకజాక్షి మోకాళ్ళ మీదికి ఒక కొంగు చాచి ఉంది. రెండు చేతులతో పట్టి, వెడల్పుగా.

"తవుడు పొయ్యి."

దొరస్వామి తిరిగి చూశాడు. పిచ్చిపట్టిందా, కొండకు వచ్చే నెల పోతే సరి, దోషానికి ఏదో ఒకటి చేయించుకోవచ్చని గుసగుసగా కోప్పడ్డాడు. నాగరత్నమ్మ అతని వైపు తిరగలేదు.

"నలభై రోజుల మొక్కు నా నోట్లోనే సెడిపోయింది. నా బిడ్డ అంటే ఆ దోషం దీని నెత్తికి సుట్టుకుంటాది. ఇది నాది కాదనిపించాల. పొయ్యమ్మే."

ఆనాడు చేట పట్టుకుని అత్త అన్న మాటే. పంకజాక్షి మూట అందుకుంది. ముడి విడిపడలేదు, పళ్ళతో లాగింది. తవుడు జారిన చప్పుడు ఎవరికీ వినబడలేదు. వాసన మాత్రం వచ్చింది, మిల్లు వాసన, వెచ్చగా. ముందు వరసలో ఎవరో వెనక్కి తిరిగి చూసి మళ్ళీ సినిమాలో పడ్డారు.

"నీ బిడ్డను నువ్వు తీసుకో" అంది నాగరత్నమ్మ.

తవుడున్న కొంగును ఒక చేత్తో మడిచి పట్టుకుని, ఇంకో చేత్తో బిడ్డను ఎత్తి ఇచ్చింది. ఇస్తూ బిడ్డ తల ఒకసారి వాసన చూసింది. తర్వాత పంకజాక్షి చెవి దగ్గరికి వంగింది.

"ఒక మాట అనింటే గిన్నె పక్కన పెట్టుంటాను. నా శత్రువుకైనా సెప్పుంటాను నేను. ఇంక నీ మొగం నేను సూడను. నా మొగం నువ్వు సూడొద్దు."

సినిమా అయ్యేదాకా నలుగురూ కూర్చున్నారు. తెర మీద తల్లికి కొడుకు దొరికాడు. హాలంతా చప్పట్లు కొట్టారు. కారు పంకజాక్షి వాళ్ళను ఇంటి దగ్గర దింపి, అటునుంచి అటే చిత్తూరు రోడ్డు పట్టింది.

ధనంజయ ఆ తర్వాత నెలరోజులు భార్యతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, అంతే. మరుసటి నెల పుంగనూరు నుంచి చిన్నబ్బ వచ్చాడు, వరదమ్మ అతని ఒళ్ళో కూర్చుని కొండ మీద గుండు చేయించుకుంది. చల్లటి గంధం పూస్తే కిలకిల నవ్వింది. "అమ్మా, సూడు" అని పంకజాక్షినే పిలిచింది. ఆమె వినాలనుకున్న పిలుపు అదే. విన్నది. విని సంతోషించింది కూడా. అబద్ధమెందుకు.

కానీ గుండుకు పిలవడానికి చిన్నబ్బ చిత్తూరు పోయినప్పుడు చూసి వచ్చిన సంగతి ఆమెను వదలడం లేదు. నాగరత్నమ్మ తలుపు తీయలేదట. కిటికీలోంచే, రాలేనని చెప్పిందట. మనిషి సగమైందని, ఇంట్లో వండినది ముట్టకుండా ఒక్కపొద్దు మీద నానబెట్టిన పెసరపప్పు తిని ఉంటోందని పక్కింటావిడ చెప్పిందట. ఎన్నాళ్ళకు ఆ దోషం పోతుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె ఎవరినీ అడగలేదు. కిటికీ గూట్లో గాజు సీసా ఒకటి ఉందట, దాంట్లో తవుడు. దొరస్వామి వారంలో నాలుగు రోజులు పలమనేరులో ఉంటున్నాడట.

పంకజాక్షి పోవడానికి లేదు. మొగం చూపించవద్దన్నది.

మీలో ఎవరైనా చిత్తూరు వైపు పోతే, బెల్లం మండీల వెనక సందులో, నీలం రంగు తలుపుల మిద్దె అని అడగండి. బెల్లం బేరమనో, అద్దెకు గది కావాలనో, ఏదో ఒక వంక పెట్టుకుని తలుపు తట్టండి. వెంటనే తీయకపోతే పోకండి, కాసేపు నిలబడండి. ఆమె లేచి తిరుగుతోందా, ఈ పూట ఏమైనా తిన్నదా, ఒక్కసారి చూసి వచ్చి చెప్పండి. పంకజాక్షి పంపిందని మాత్రం అనకండి.